మూడు రోజుల ఎండ

ఏడేళ్ళుగా కొఠార్లపాలెంలో ఎవరి నీడా నేలమీద గట్టిగా పడలేదు.

ఊరికి మూడు మైళ్ళ ఉత్తరాన విమానాశ్రయం. తెల్లవారినప్పటి నుంచీ నాలుగు నిమిషాలకొక విమానం లేచేది. లేచిన ప్రతిదీ వెనకాల ఒక తెల్లటి చార వదిలేది. మామూలు విమానం వదిలే చార చూస్తుండగానే కరిగిపోతుంది. ఇది కరగదు. పలచగా పరుచుకుని, పక్క చారతో కలిసి, మధ్యాహ్నానికల్లా ఆకాశాన్ని గంజిపెట్టి ఆరేసిన పంచెలా చేసేది. దాని వెనక సూర్యుడు పాలలో పడ్డ రాగి కానీలా మసగ్గా కనిపించేవాడు.

దానికి చలువచార అని పేరు పెట్టారు. ఇంధనంలో చిటికెడు పొడి కలుపుతారు. ఆ పొడి వల్ల విమానం చార అద్దంలా మెరిసి, పడ్డ ఎండలో కొంత భాగాన్ని తిరిగి పైకే కొట్టేస్తుంది. విమానాశ్రయం దారి పొడుగునా బోర్డులు పాతారు: "ఎగిరే ప్రతి విమానం మీకు పట్టిన గొడుగు." అబద్ధమైతే బాగుండేది, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు బయటపెట్టేవాళ్ళు. కానీ అది నిజమే. మొదటి వేసవిలోనే ఎండ నాలుగు డిగ్రీలు తగ్గింది. వడదెబ్బ చావులు సగానికి తగ్గాయి. విమానాలు పెరిగితే భూమి వేడెక్కుతుంది కదా అని ఎవరైనా అడిగితే, మా విమానాలు పెరిగితే చల్లబడుతుంది అని జవాబు చెప్పి, ఆ జవాబు మీదే రెండో రన్‌వే వేశారు. జిల్లా రొయ్యలు పొద్దున పట్టినవి సాయంత్రానికి పరాయి దేశాల బల్లల మీదికి చేరాయి. హోటళ్ళు లేచాయి. ఊళ్ళో పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి. పెట్టెలు మోసే ఉద్యోగాలు, మరుగుదొడ్లు కడిగే ఉద్యోగాలు, దిగిపోయిన వాళ్ళ సీట్ల కింద రాలిన తిండి ఏరే ఉద్యోగాలు. దాన్నే అభివృద్ధి అన్నారు.

ఉప్పు మాత్రం పండటం మానేసింది.

కొఠార్లపాలెం ఉప్పు మళ్ళ ఊరు. సముద్రపు నీటిని మడి నుంచి మడికి మళ్ళించి, ఎండకు చిక్కబరిచి, చివరి మడిలో గింజ కట్టించటం వాళ్ళకు తరతరాల పని. మసక ఎండకు నీరు చిక్కబడేది గానీ గింజ కట్టేది కాదు. మూడో ఏడు దాటేసరికి అందరూ మళ్ళు వదిలేశారు, ఒక్క మాలకొండయ్య తప్ప. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఏటా గట్లు వేసేవాడు, నీళ్ళు మళ్ళించేవాడు, చిక్కబడిన నీటిని వెనకాల గుంటలో దాచేవాడు. దారిన పోయేవాళ్ళు, ఏం మాలకొండయ్యా, చేపలు పెంచుతున్నావా అని ఎకసెక్కాలాడితే, మీ విమానాలకు దాహమేస్తే పోద్దామని ఉంచా అనేవాడు.

అతనికి ఒక్కతే కూతురు, ఝాన్సీ. ముప్పై ఒక్కేళ్ళది. విమానాశ్రయం వాళ్ళదే, గుట్ట మీద ఉన్న వాతావరణ ప్రయోగశాలలో పని చేసేది. చారల మందం కొలవటం, వాటి కిందికి ఎంత ఎండ దిగుతోందో రాసుకోవటం ఆమె పని. తండ్రి ఆ సంగతి చెప్పుకుని నవ్వేవాడు. మా అమ్మాయి ఎండను కొలుస్తది, కొలిచేవాళ్ళకేమో ఎండ ఉండకూడదు అని.

ఏప్రిల్ చివర్లో ప్రయోగశాల అధిపతి చిదంబరరావు ఆరుగురిని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మూడో రన్‌వేకు అనుమతి ఆగిపోయిందని చెప్పాడు. పై కమిటీ వాళ్ళు ఒక మెలిక పెట్టారు. ఎండలు తగ్గింది చలువచార వల్లేనా, లేక దానంతట అదే తగ్గిందా, రుజువు చూపించమన్నారు. రుజువుకు ఒకటే దారి. మే నెల నడిమధ్యన మూడు రోజులు పొడి కలపటం ఆపెయ్యాలి. విమానాలు మామూలుగానే ఎగురుతాయి, చారలు మాత్రం ఉండవు. వేడి ఎంత పెరుగుతుందో కొలవాలి. నాలుగు డిగ్రీలు పెరుగుతుందని ఆయన అంచనా.

ఝాన్సీ లేచి, అద్దం పలక మీద రెండు గీతలు గీసింది. పైకి పోయే గీత ఒకటి, దాని మీద మూతలా ఇంకొకటి. నాలుగు డిగ్రీలన్నది ఏడేళ్ళ కిందటి మాట అంది. అప్పటికీ ఇప్పటికీ విమానాలు మూడింతలయ్యాయి. వాటి పొగ ఎక్కడికీ పోలేదు. అది పట్టి ఉంచిన వేడి మనకు తెలియకపోవటానికి కారణం, చారను కూడా ఏటేటా మందం చేస్తూ వచ్చాం కాబట్టి. జబ్బు ముదిరినకొద్దీ మత్తు పెంచినట్టు. ఇప్పుడు మూత తీస్తే ఏడేళ్ళ వేడీ ఒక్కసారే దిగుతుంది. తన లెక్క ప్రకారం ఏడు డిగ్రీలు. మే నెలలో ఏడు డిగ్రీలంటే మనుషులు చస్తారు, ముందే చాటింపు వేయించాలి అని చెప్పింది.

చిదంబరరావు ఆమె గీతలను శ్రద్ధగానే చూశాడు. ఆయన చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. క్లాసులో బాగా జవాబు చెప్పిన పిల్లను మెచ్చుకున్నట్టు, మెత్తగా అన్నాడు.

"ఎంత ఎక్కువ పెరిగితే మన వాదన అంత బలపడుతుంది కదమ్మా."

చాటింపు వేస్తే కోర్టుకు పోతారు, ఊళ్ళు ఖాళీ చేస్తారు, కొలతలు పాడవుతాయి అని మిగతాది వివరించాడు. ఎండ జాగ్రత్త అని ఫోన్లకు మామూలు సందేశం ఎలాగూ వెళ్తుందన్నాడు. ఆ సందేశం మే నెలంతా రోజూ వస్తుందనీ, ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ చదవటం లేదనీ గదిలో అందరికీ తెలుసు. ఎవరికీ చెప్పబోమని రాసి ఉన్న కాగితం చేతులు మారుతూ వచ్చింది. అందరూ సంతకం పెట్టారు. ఝాన్సీ కూడా పెట్టింది. కలం ఆగలేదు.

మే నెల రెండో ఆదివారం ఆమె ఊరికి వెళ్ళింది. తల్లి అంకమ్మ చేపలు కడగటానికి పంపు దగ్గరికి పోయింది. తండ్రి పంచలో కూర్చుని, ఉప్పు లాగే చెక్కకు కొత్త కర్ర బిగిస్తున్నాడు. ఝాన్సీ పక్కన కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

"నాన్నా, మంగళవారం నుంచి మూడు రోజులు ఎండ కాస్తది. బయటికి పోబాక. అమ్మను కూడా పోనియ్యబాక."

అతని చెయ్యి ఆగింది.

"మూడు రోజులా? గట్టి ఎండేనా?"

"చాలా గట్టిది. నువ్వు ఎప్పుడూ చూడనంత."

"పొగమంచు, మబ్బు ఏమీ ఉండదా?"

"ఏమీ ఉండదు. ఆకాశం శుభ్రంగా ఉంటది. అందుకే చెప్తన్నా. ఇంకెవరికీ చెప్పబాక, నా ఉద్యోగం పోద్ది."

"నేనెందుకు చెప్తానమ్మా," అన్నాడు మాలకొండయ్య. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు బడిలో మొదటి మార్కు వచ్చినప్పుడు కూడా ఆయన అలా పెట్టలేదు. ఝాన్సీకి మనసు తేలికపడింది. తండ్రిని కాపాడుకున్నానని అనుకుంటూ బస్సెక్కింది.

ఆమె ఉప్పు మళ్ళలో పుట్టిన పిల్ల. చదువు ఆమెకు ఎన్నో నేర్పింది గానీ, ఒక్క సంగతి మరిపించింది. ఏడేళ్ళు ఎండ కోసం చూసిన మనిషికి, మూడు రోజులు గట్టి ఎండ కాస్తుందని చెప్పటం హెచ్చరిక కాదు.

సోమవారం మాలకొండయ్య ఊరంతా తిరిగాడు. కూతురి పేరు ఎత్తలేదు. దక్షిణపు గాలి తిరిగింది, ముక్కుకు తెలుస్తంది, రేపటి నుంచి మూడు రోజులు ఎండ అని చెప్పాడు. మొదట నవ్వారు. మంగళవారం పదింటికి ఆకాశం నీలంగా విచ్చుకుంది. ఆరేళ్ళ పిల్లలు అదేం రంగని అడిగారు. ముసలివాళ్ళు నడిరోడ్డు మీద నిలబడి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. ఇంక ఎవరూ నవ్వలేదు. మాలకొండయ్య తన గుంటలోని చిక్కటి నీటిని ఊళ్ళో అడిగిన ప్రతివాడి మడికీ వదిలాడు.

గుట్ట మీద మొదటి రోజు మూడు డిగ్రీలు పెరిగింది. రెండో రోజు అయిదున్నర. అంకె మారినప్పుడల్లా కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. చిదంబరరావు అందరికీ చల్లటి మజ్జిగ తెప్పించాడు. ఝాన్సీ తాగింది. మా వాళ్ళు ఇంట్లో ఉన్నారు కదా అనుకుంది.

గురువారం మధ్యాహ్నం పన్నెండుకు ఏడు డిగ్రీలు దాటింది. నేల మీది వేడిని చూపించే కెమెరా ఒకటి గుట్ట మీద తిరుగుతూ ఉంటుంది. అది దక్షిణానికి తిరిగినప్పుడు తెర మీద కొఠార్లపాలెం మళ్ళు కనిపించాయి. ఎర్రటి నేల మధ్య నలుచదరంగా తెల్లటి మచ్చలు. ఆ మచ్చల మీద చీమల్లా కదులుతున్న మనుషులు.

ఆమె తండ్రికి ఫోన్ చేసింది. అంకమ్మ తీసింది. ఆయన మడికి పోయాడంది. ఊరు ఊరంతా అక్కడే ఉంది, తనకు మాత్రం రాత్రి నుంచి జ్వరం, అందుకని ఆగిపోయానంది. ఉప్పు పువ్వు పట్టిందమ్మా, గింజ కట్టింది, తొలి ఉప్పు తీస్తన్నారు అని చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడేళ్ళుగా లేని సంతోషం వినిపించింది. వెంటనే నీళ్ళు పంపించమని ఝాన్సీ అరిచింది.

"నీళ్ళా? ఈ పూటా? నీకేమన్నా మతి పోయిందా?" అంది తల్లి.

అప్పుడు గుర్తొచ్చింది ఝాన్సీకి. ఏళ్ళ తరబడి పండని మడిలో తొలి ఉప్పును ఇంటి పెద్ద తన చేత్తో తియ్యాలి. తిండి తినకుండా, చెప్పులు లేకుండా, సూర్యుడు నడినెత్తిన ఉండగా తియ్యాలి. ఆ పూట మంచినీళ్ళు గట్టు దాటి మడిలోకి రాకూడదు. మంచినీళ్ళు ఉప్పుకు శత్రువు, చెంబు గట్టు దాటితే ఆ ఏడు పంట కరిగిపోతుందని నమ్మకం. పూర్వం దానివల్ల ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఒక గంట పని, తర్వాత ఇంటికొచ్చి కుండలో నీళ్ళు తాగేవాళ్ళు. ఆ ఎండకు సరిపోయిన ఆచారం అది. ఈ ఎండ ఆ ఎండ కాదు.

ప్రయోగశాల స్కూటర్ మీద ఆమె మళ్ళకు చేరేసరికి ఒంటిగంట అయింది. చేతిలో రెండు సీసాల నీళ్ళు. గట్టు మీద ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. నీళ్ళతో దిగబాకమ్మా, మీ నాయన కష్టం పోద్ది అన్నారు. వాళ్ళ ముఖాలు కమిలి ఉన్నాయి, పెదాలు పగిలి ఉన్నాయి, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. ఆమె వాళ్ళను తోసుకుని దిగింది.

మాలకొండయ్య ఉప్పు రాశికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద చెమట లేదు. చెమట పట్టటం ఎప్పుడో ఆగిపోయింది. పాదాలు బొబ్బలెక్కాయి. రెండు దోసిళ్ళ ఉప్పు ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. కూతుర్ని చూసి నవ్వబోయాడు. ఆమె సీసా మూత తీస్తుంటే తల అడ్డంగా ఊపాడు.

"గట్టవతల పెట్టి రామ్మా."

అవే ఆఖరి మాటలు. ఆమె బలవంతంగా నోట్లో పోసింది. నీళ్ళు గడ్డం మీదుగా జారి ఉప్పులో పడ్డాయి. ఆటోలో వేసుకుని బయలుదేరితే, ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

ఆ రోజు కొఠార్లపాలెంలో నలుగురు పోయారు. మిగతా ముగ్గురూ మాలకొండయ్య గుంటలో నీళ్ళు తీసుకున్న మళ్ళవాళ్ళే. శుక్రవారం తెల్లవారేసరికి చారలు మళ్ళీ వచ్చేశాయి. నాలుగు పాడెలూ పాలరంగు ఆకాశం కిందే లేచాయి.

తర్వాత ఊరు మారిపోయింది. మాలకొండయ్య మాట విని పోయారన్నారు. ముసలాడికి ఉప్పు పిచ్చి, గాలి చెప్పిందన్నాడు, గాలి చెప్పిందో దెయ్యం చెప్పిందో అన్నారు. చిన్న దినానికి వచ్చింది అయిదుగురే. పంపు దగ్గర అంకమ్మ బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు జరుపుకునేవాళ్ళు. అంకమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. కూతురితో కూడా మాట్లాడలేదు. ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. ఝాన్సీ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. రోజూ నోరు తెరవబోయేది. తల్లి ముఖం చూసి మూసుకునేది. ఇంతమంది నోట తండ్రి పిచ్చివాడవుతుంటే, గాలి పేరు చెప్పి ఆయన కాపాడిన ఉద్యోగం తనకు ఇంకా ఉంది.

జూన్ రెండో వారంలో మూడో రన్‌వే మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. విమానాశ్రయం బస్సులు ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించుకొచ్చాయి. షామియానా, పెద్ద తెర, పులిహోర పొట్లాలు. జిల్లా అధికారి మధ్యలో కూర్చున్నాడు. చిదంబరరావు తెర మీద గీత చూపించాడు. సాంకేతిక కారణాల వల్ల మే నెలలో మూడు రోజులు చలువచార లేకుండా పోయిందని చెప్పాడు. ఆ మూడు రోజుల్లో ఏడు డిగ్రీలకు పైగా వేడి పెరిగిందన్నాడు. గీత శిఖరం దగ్గర నాలుగు నల్ల చుక్కలు వేసి ఉన్నాయి.

"ఈ నాలుగూ నాలుగు ప్రాణాలు," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. "చలువచార ఆగితే ఏమవుతుందో చూశాం. మూడో రన్‌వే వస్తే ఇంకా నిండుగా కప్పగలం. ఇది వ్యాపారం మాట కాదు, ప్రాణాల మాట."

జనం తలలు ఊపారు. పోయిన నలుగురిలో ఒకడి పెళ్ళాం రవణమ్మ మైకు అడిగింది. ఎన్ని రన్‌వేలు కావాలంటే అన్ని వేసుకోండి, ఆ ఎండ మాకొద్దు అంది. మాలకొండయ్య మాట వినకుండా ఉంటే నా మొగుడు ఇవాళ బతికుండేవాడు, పోయినోణ్ణి తిట్టకూడదు గానీ నా నోరు ఊరుకోటంలా అని ఏడ్చింది. అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఝాన్సీ లేచి మైకు దగ్గరికి నడిచింది. చిదంబరరావు ఆమెను చూసి కనుబొమలు ముడిచాడు.

"రవణమ్మ పిన్నీ, మా నాన్నకు గాలి చెప్పలేదు," అంది. "నేను చెప్పా."

ఆమె మిగతాది దాచకుండా చెప్పింది. సాంకేతిక కారణం ఏదీ లేదనీ, కొలుచుకోవటానికి కావాలనే ఆపారనీ, ఎవరికీ చెప్పబోమని ఆరుగురం సంతకాలు పెట్టామనీ, అందులో తన సంతకం కూడా ఉందనీ. ఏడు డిగ్రీలని ముందే లెక్క కట్టి చూపించాననీ. ఆ వేడి సూర్యుడిది కాదు, ఏడేళ్ళుగా ఈ విమానాలు పోగేసి, చారల కింద దాచిన వేడి అనీ.

అధికారి తల తిప్పి చిదంబరరావును చూశాడు. చిదంబరరావు లేచి నిలబడ్డాడు, తొణకలేదు.

"ఈ అమ్మాయి నియమం తప్పి చెప్పకపోయి ఉంటే, వాళ్ళు ఆ రోజు ఇళ్ళల్లోనే ఉండేవాళ్ళు. మళ్ళల్లోకి దిగేవాళ్ళే కాదు. నాలుగు ప్రాణాలూ దక్కేవి."

అది నిజం. అది నిజమని ఆమెకు ఇరవై అయిదు రోజులుగా తెలుసు. మైకు కర్రను గట్టిగా పట్టుకుంది.

"అవునండి. నా తప్పు నేను చెప్పాను. మీది మీరు చెప్పండి."

ఆయన అధికారి చెవి దగ్గరికి వంగి, ఇది సాంకేతిక విషయం, విడిగా మాట్లాడదాం అనబోయాడు. అప్పుడు వెనక వరుసలో అంకమ్మ లేచింది. మైకు దాకా రాలేదు. ఉన్నచోటనే నిలబడి అడిగింది. ఉప్పు మళ్ళలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచే గొంతు అది, దానికి మైకు అక్కర్లేదు.

"మా ఆయన అరవై ఏళ్ళు ఎండలో పనిచేశాడు. ఏ ఎండా ఆయన్ని చంపలా. మీరు దాచిపెట్టింది చంపింది. అది పోను, ఇంకా ఎంత దాచారయ్యా మా నెత్తిన?"

అధికారి కాగితాలు తిరగేశాడు. జవాబు తెలిసిన మనిషి ఆ గుడారంలో ఒక్కతే ఉంది. ఆమె చెప్పింది. మూత తీసింది మూడు రోజులే, తర్వాత మళ్ళీ వేశారు, కాబట్టి కింద దాగిన వేడి ఉన్నది ఉన్నట్టే ఉంది అంది. మూడో రన్‌వే వేస్తే పదేళ్ళలో అది పన్నెండు డిగ్రీలవుతుంది. తర్వాత ఏ యుద్ధం వచ్చో, నూనె దొరక్కో, కంపెనీ దివాలా తీసో విమానాలు ఆగిన రోజున, ఆ పన్నెండూ ఒక్కసారే దిగుతాయి. విమానాలనూ చారలనూ ఏటా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోతే, ఇరవై ఏళ్ళలో బయటపడొచ్చు. కొత్త రన్‌వే వేస్తే ఎప్పటికీ బయటపడలేం.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక ఎవరో, అయితే మా పిల్లోడి ఉద్యోగం సంగతేంది అని అడిగారు. ఇంకెవరో కసిరారు. రవణమ్మ అంకమ్మ వైపు చూసి, చూపు దించుకుంది. అభిప్రాయాలన్నీ నమోదు చేసుకున్నామని అధికారి లేచిపోయాడు. నమోదు చేసింది ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఝాన్సీ మెడలో గుర్తింపు కార్డును ప్రయోగశాల మనిషి ఒకడు అక్కడికక్కడే, మర్యాదగా, రెండు చేతులతో తీసుకున్నాడు.

బస్సులో తల్లీకూతుళ్ళ పక్కన ఎవరూ కూర్చోలేదు. గాజుపాలెం మలుపు దాటాక అంకమ్మ ఇరవై అయిదు రోజుల తర్వాత మొదటిసారి కూతురితో మాట్లాడింది. నువ్వెందుకు చెప్పావనలేదు. నాకెందుకు చెప్పలేదనలేదు.

"మళ్ళా ఎప్పుడు ఆపుతారో నీకు తెలుస్తదా?"

"ఇంక తెలియదమ్మా. నన్ను లోపలికి రానియ్యరు."

అంకమ్మ కూతురి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పట్టుకుంది.

"అయితే ఇంక మనకి ఎవరు చెప్తారే?"